అప్‌డేట్: టెయిల్ లైట్లకు నలుపు వేద్దామనుకున్న సంగతి

కారు వెనక లైట్లకు ఇంట్లోనే నలుపు వేయడానికి ఏ పెయింటు మంచిదని పోయిన నెల అడిగాను కదా. మామూలు నల్ల స్ప్రే వెలుతురును పూర్తిగా ఆపేస్తుంది, లైట్ల కోసం చేసిన పారదర్శక టింటు కొనమన్నారు. కొన్నాను. నేరుగా కారు మీద కొట్టే ధైర్యం చాలక, విజయవాడ ఆటోనగర్‌లో పాత లైటొకటి తెచ్చి, 1000 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో తడిపి వాడే సన్నటి గరుకు కాగితం) రుద్ది, పలుచగా మూడు పూతలు వేశాను.

చూడటానికి బ్రహ్మాండం! మిట్టమధ్యాహ్నం బల్బు వెలిగించి పది అడుగుల దూరంలో నిలబడితే మాత్రం, అది వెలిగిందో లేదో పోల్చుకోలేకపోయాను. రంగు వదిలిద్దామని థిన్నరు అద్దితే ప్లాస్టిక్కు పొగమంచు పట్టినట్టు తెల్లబారి, సన్నటి పగుళ్లిచ్చింది. మా బావ నవ్వు ఇంకా ఆగలేదు.

కారు లైట్లు ఎర్రగానే ఉన్నాయి. మిగిలిన టింటు మా అబ్బాయి సైకిలు బెల్లుకు పోయింది.