ముంగిస పట్టిన పెట్టకు ఇంట్లో ఏం చేయవచ్చు?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. పెరట్లో 6 గ్రామప్రియ పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నిన్న సాయంత్రం కొబ్బరి మట్టల కుప్ప వెనక నుంచి ముంగిస వచ్చి ఒక పెట్టను పట్టుకుంది. మేము అరుచుకుంటూ వెళ్ళేసరికి వదిలి పారిపోయింది గానీ, ఎడమ రెక్క కింద నుంచి తోక మొదలు దాకా అరచేయంత మేర తోలు లేచిపోయి ఎర్రటి కండ కనిపిస్తోంది. మా అత్తగారు పసుపు, కొబ్బరినూనె కలిపి దట్టంగా పట్టించారు. రాత్రంతా మూలన ముడుచుకుని కూర్చుంది, నూకలు వేసినా ముట్టలేదు. ఎలాగూ బతకదు, కోసేయమని పక్కింటివారు అంటున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: అమ్మా, తొందరపడి కోయకండి. మెడ నిలపలేకపోయినా, పేగులు బయటపడినా దాని బాధను ముగించడమే న్యాయం గానీ, తోలు ఊడిన గాయం చూడటానికి ఎంత ఘోరంగా ఉన్నా కోడికి తిరిగి పూడుతుంది. ఇలాంటి పెట్టలు చాలావరకు గాయంతో కాక, మొదటి రోజు భయానికీ చలికీ, ఆ తరువాత ఈగలు పెట్టే పురుగులకీ పోతాయని నా అనుభవం.

కాబట్టి ముందుగా దానిని మిగతా కోళ్ళ నుంచి వేరు చేయండి. ఎర్రగా కనిపించిన చోట పొడవడం కోళ్ళ నైజం. నిన్నటిదాకా కలిసి తిరిగిన పెట్టలే దానిని పొడిచి చంపగలవు. అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి, ఇంటి లోపల చీకటిగా, సందడి లేని చోట ఉంచండి. ఊక, గడ్డి వేయకండి, గాయానికి అంటుకుంటాయి. వెచ్చదనానికి పాతకాలం 60 వాట్ల బల్బు పెట్టెలో ఒక పక్కనే వేలాడదీస్తే, వేడి ఎక్కువైనప్పుడు అది రెండో పక్కకు జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు వేడినివ్వదు; అదే ఉంటే వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఓఆర్‌ఎస్ నీళ్ళు చిన్న మూకుడులో అందుబాటులో ఉంచండి. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క తడపండి, అది మింగుతుంది. నోరు తెరిచి పోస్తే మాత్రం నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఎందుకంటే కోడికి శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది.

కాస్త తేరుకున్నాక, కడిగే ముందు ఒకటి చూసుకోండి. ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా గాయంలోంచి బుడగలు వస్తుంటే లోపలి గాలి సంచి చిరిగిందని అర్థం, అప్పుడు నీళ్ళు కొట్టకూడదు, నేరుగా పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి. అలా లేకపోతే, గాయం చుట్టూ ఈకలను పీకకుండా కత్తెరతో మొదటికి కత్తిరించండి. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో తలకొట్టిన చిన్న చెంచాడు ఉప్పు కలిపి, సూది లేని సిరంజితో చిమ్ముతూ కడగండి. పసుపు విషమేమీ కాదు గానీ, ఆ ముద్ద కింద పుల్ల ఉందో, పంటి గాటు ఎంత లోతుందో కనిపించదు, కాబట్టి అదంతా పోయేదాకా కడగాలి. తరువాత బెటాడిన్ ద్రావణాన్ని పలచటి టీ డికాక్షన్ రంగు వచ్చేంత నీటిలో కలిపి అద్దండి. ఇంట్లో కుట్లు వేయకండి. పంటి గాటును మూసేస్తే చీము లోపలే నిలుస్తుంది. లోతైన గాట్లకు యాంటీబయాటిక్ అవసరం పడవచ్చు, అది మాత్రం పశువుల ఆసుపత్రిలో బరువు చూసి చెప్పించుకోవలసిందే. 1962కు ఫోన్ చేసినా సంచార పశువైద్య సేవవారు అందుబాటులో ఉంటారు. ఆ మందు వాడినన్నాళ్ళు, ఆపాక వైద్యుడు చెప్పినన్ని రోజులు గుడ్లు తినకండి.

మరొక సభ్యుడు: పురుగు పట్టకుండా మా ఊళ్ళో కిరోసిన్ పోస్తారు. ఒక్క చుక్కతో పని అయిపోతుంది.

జవాబు: పురుగు చస్తుంది నిజమే, కానీ దానితోపాటు కొత్తగా పుడుతున్న కండ కూడా కాలిపోతుంది, ఆ వాసన పీల్చిన పెట్ట ఇంకా నీరసపడుతుంది. ఫినాయిల్ కూడా అంతే. ఈగ గుడ్లు ఈకల మొదళ్ళలో తెల్లటి సన్న రవ్వలా ఉంటాయి, మన ఎండలకు ఒక రోజులోపే పురుగులవుతాయి. అందువల్ల రోజుకు రెండుసార్లు టార్చి వేసి రెక్క కిందా, మలద్వారం చుట్టూ వెతకాలి. కనిపించినవాటిని పట్టకారుతో తీసి ఉప్పునీటితో కడగాలి. పెట్టె మీద దోమతెర కప్పితే సగం బెడద తప్పుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: మీరు చెప్పినట్టే కడిగితే ముద్ద కింద నుంచి అంగుళం పొడవు ఎండుగడ్డి పరక వచ్చింది. మూడో రోజు ఉడికిన గుడ్డు సొన తిన్నది. ఈ రోజు 11వ రోజు, గాయం అంచుల నుంచి లేత గులాబీ తోలు లోపలికి పాకుతోంది, నడుమ ముదురు గోధుమరంగు పక్కు కట్టింది. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పుంజు కూతకు బదులిస్తోంది. ఆ పక్కు తీసేయాలా? మందలో ఎప్పుడు కలపాలి? ముంగిసకు బోను పెట్టమని మావారు అంటున్నారు.

జవాబు: పక్కును ముట్టకండి, కింద తోలు పూర్తయ్యాక అదే రాలుతుంది. వాసన గానీ, కింద మెత్తగా చీము గానీ ఉంటే మాత్రం ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎర్రదనం పూర్తిగా పోయి కొత్త ఈకల మొనలు వచ్చేదాకా కలపవద్దు. ఈలోగా పగటిపూట గంప కింద మందకు కనబడేలా ఉంచితే మళ్ళీ పరాయిదిగా చూడవు. గుడ్లు కొంతకాలం పెట్టకపోవచ్చు, అది సహజమే. ముంగిసను పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. ఆ మట్టల కుప్పను తీసేయించి, గూటికి అరంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ కొట్టించి, అడుగున ఒక అడుగు లోతు భూమిలోకి దించండి. మామూలు కోళ్ళ వల కన్నుల్లో ముంగిస తల సులువుగా దూరుతుంది.