మూడు శిక్షణల్లో ఎవరికి ఏది? సాఫ్ట్‌వేర్‌ను తేల్చమనవచ్చా?

గణకుడు: నిరుద్యోగులకు మూడు రకాల శిక్షణలున్నాయి, పాత రికార్డులూ ఉన్నాయి. గణాంకాల కోసం వాడే ఆర్ భాషలోని పాలసీట్రీ ప్యాకేజీతో ఎవరికి ఏది నప్పుతుందో నేర్చుకోవచ్చు. వరుస ప్రశ్నలతో మనుషులను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక శిక్షణ చెప్పే ‘చెట్టు’ను అది కడుతుంది. సగటున మెరుగైనదే అందరికీ అంటగట్టడం కంటే ఇది మేలు. పరిశోధకులు ఏథీ, వేగర్ 2021లో ఎకనోమెట్రికా పత్రికలో వివరించిన పద్ధతే దీనికి ఆధారం.

పట్టువిడవను: చెట్టు లోతు ఎంత?

గణకుడు: 2. అంటే వరుసగా రెండు ప్రశ్నలు. ఎక్కువలో ఎక్కువ నాలుగు ఆకులు, అంటే నాలుగు గుంపులు. ఆ నియమాన్ని ఎవరైనా చదివి అర్థం చేసుకోగలరు.

పట్టువిడవను: చాలదు. 3 ఉండాలి.

గణకుడు: ప్యాకేజీ సాధ్యమైన విభజనలన్నీ వెతుకుతుంది. ఒక్క మెట్టు పెంచితే లెక్క విపరీతంగా పెరుగుతుంది.

కొత్తసభ్యురాలు: డిగ్రీ లేనివారిని మూడో శిక్షణకు దాదాపుగా పంపనే లేదనుకోండి, వారి సంగతి డేటాకు ఎలా తెలుస్తుంది?

గణకుడు: అందుకే ఒక్కొక్కరికి ఒక్కో శిక్షణ ఎంత ఫలితమిస్తుందో అంచనా కట్టే డబుల్లీ రోబస్ట్ స్కోర్లు వాడతాం. ఫలితాన్ని, ఎవరు ఏ శిక్షణకు వెళ్తారన్నదాన్ని అంచనా వేసే రెండు నమూనాల్లో ఒకటి సరైనదైనా చాలు.

కొత్తసభ్యురాలు: చాలదండీ. వెళ్లే అవకాశం 0.01 ఉన్నవాడు వెళ్తే స్కోరు లెక్కలో అతని బరువు 1/0.01, అంటే 100. అతనికి ఉద్యోగం దొరికిందా లేదా అన్నదాని మీదే ఆకు మొత్తం తలకిందులవుతుంది. అవకాశమే సున్నా అయితే ఏ స్కోరూ కాపాడలేదు.

పట్టువిడవను: లోతు 3 పెడితే అలాంటివారు విడి ఆకులోకి పోతారు.

కొత్తసభ్యురాలు: పోయినా డేటా పుట్టదు కదా!

అనుభవజ్ఞుడు: నేను కంప్యూటర్ శిక్షణ అడిగాను. వయసు చూసి మరోదానికి పంపారు. ఎందుకని అడిగితే, సిస్టమ్ చెప్పిందన్నారు.

పట్టువిడవను: వాళ్లు లోతు తక్కువ పెట్టి ఉంటారు.

అనుభవజ్ఞుడు: మనిషి తన బతుకు గురించి చెబుతుంటే మీకు లోతు తప్ప ఏమీ వినబడదా? గణకుడు గారూ, ‘మేలైన ఎంపిక’ అంటున్నారే, ఎవరి లెక్కలో మేలు?

గణకుడు: శిక్షణ తర్వాత ఏడాదికి వచ్చే జీతం. రికార్డుల్లో ఉన్నది అదే. అధికారి మనసులోని కొలమానం ఎవరికీ కనబడదు. నాది కనబడుతోంది కాబట్టే మీరు ప్రశ్నించగలుగుతున్నారు.

అనుభవజ్ఞుడు: ప్రశ్నించే అవకాశం మాకు చెట్టు కట్టాక వచ్చింది. కొలమానం ఎంచుకునేటప్పుడే అడగాల్సింది. జీతం వద్దనను, దాని పక్కన నేను కోరినదానికి ఎంత విలువ కడతారు?

గణకుడు: ఎవరు ఏది కోరారో రికార్డుల్లో లేదు.

అనుభవజ్ఞుడు: అయితే ముందు అది రాయించండి. చెట్టు తర్వాత కట్టవచ్చు.