టీబీ పూర్తిగా తగ్గుతుందా? మాత్రలు పరగడుపునా, తిన్నాకా?

కొత్తసభ్యుడు: మూడు సందేహాలు. పూర్తిగా పోతుందా? పరగడుపునే మింగాలా? కోర్సు అయ్యాక తిరగబెడుతుందా?

మందులబల్ల: మందులకు లొంగే రకమైతే పోతుందండీ. 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత 4 నెలలు మొదటి రెండూ, కొన్నిచోట్ల ఇథాంబ్యుటాల్ కూడా. పెద్దలకు రోజూ ఒంటి బరువు కిలోకి వరసగా 5, 10, 25, 15 మిల్లీగ్రాములు. ఒళ్లు చేస్తే మాత్రల లెక్క మార్చాలి, అది ఎవరూ చూడరు. పరగడుపునే, తిండికి గంట ముందు.

రాత్రిడ్యూటీ: ఈ పట్టుదల వల్లే వాంతులై సగంలో మానేస్తారు. కక్కేసిన మాత్ర కంటే తిండితో దిగిన మాత్ర మేలు కాదూ?

మందులబల్ల: కొవ్వు బాగా ఉన్న భోజనంతో వేస్తే రక్తంలో రిఫాంపిసిన్ గరిష్ఠ స్థాయి సుమారు మూడో వంతు తగ్గుతుంది, ఐసోనియాజిడ్‌ది సగానికి పడొచ్చు. వికారముంటే కాస్త తేలికగా తిని వేసుకోవచ్చు. కడుపు నిండా తిని కాదు.

రాత్రిడ్యూటీ: ఆ ముక్క మొదటే రాయొచ్చుగా! వికారానికి యాంటాసిడ్ మింగేవాళ్లు 2 గంటలు ఎడం పెట్టండి. అల్యూమినియం ఉన్నదైతే ఐసోనియాజిడ్‌ను ఒంటబట్టనివ్వదు.

ల్యాబ్‌కోటు: మీ కడుపుగోల ఆపండి బాబూ. రెండో నెలాఖరు పరీక్షకు జనం ఉమ్మి తెచ్చిస్తున్నారు. దానికి నెగెటివ్ వస్తే లెక్కలోకి రాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, రెండుమూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తెచ్చిన గళ్ల కావాలి. మందు పనిచేస్తోందా అని జీన్‌ఎక్స్‌పర్ట్ (క్రిమి డీఎన్‌ఏని పట్టే పరీక్ష) చేయించకండి. చచ్చిన క్రిముల డీఎన్‌ఏకీ పాజిటివ్ చూపిస్తుంది.

నారింజరంగు: మూత్రం ఎర్రబడిందని హడలిపోతారు, అది రిఫాంపిసిన్ రంగే. అదే మందు గర్భనిరోధక మాత్రల్ని పనిచేయనివ్వదన్న సంగతి మాత్రం అడగరు! ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే ఇథాంబ్యుటాల్ ఆపి ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. అరికాళ్లు తిమ్మిరెక్కకుండా పిరిడాక్సిన్ (విటమిన్ బి6) రోజూ 10 మిల్లీగ్రాములు.

పాతకాపు: పాతికేళ్ల అనుభవంతో చెబుతున్నా, ఆరు నెలలు పాతమాట. రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపితే 4 నెలలే.

మందులబల్ల: పాతికేళ్లుంటే మినహాయింపులూ తెలియాలి గదా స్వామీ. 12 ఏళ్లలోపు పిల్లలకు, 40 కిలోల్లోపు వాళ్లకు, గర్భిణులకు, మెదడు టీబీకి అది కాదు.

పాతకాపు: రిఫాంపిసిన్‌కి లొంగని రకానికి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ 6 నెలలని కూడా నేనే చెప్పాలా?

రాత్రిడ్యూటీ: చెబితే ఈసీజీ, రక్తకణాల లెక్క కూడా చెప్పండి. లినెజోలిడ్‌తో రక్తకణాలు పడిపోతాయి, నరాలూ దెబ్బతింటాయి. మామూలు కోర్సులో కాలేయం సంగతీ వదిలేశారు. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలు పైహద్దుకు 5 రెట్లు దాటినా, కామెర్లు, వాంతులతో 3 రెట్లు దాటినా డాక్టర్ మందులన్నీ ఆపిస్తారు. ఏఎల్‌టీ దిగాక ఒక్కొక్కటే మళ్లీ మొదలు, రిఫాంపిసిన్ ముందు, పైరజినమైడ్ ఆఖర్న లేదా అసలే వద్దు.

కొత్తసభ్యుడు: నా మూడోది?

ల్యాబ్‌కోటు: తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. దగ్గు, జ్వరం మళ్లీ వస్తే గళ్లకు కల్చర్ (క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) చేయించండి. ఉమ్మికి కాదు.