జాజ్ కోరస్ చర్చ: జేసీ-120 బరువు ఇంకా మోయాలా, జేసీ-40 సరిపోతుందా?

తీగలపెట్టె:

సూటిగా అడుగుతున్నాను. రోలాండ్ వాళ్ల గిటార్ యాంపులు, జాజ్ కోరస్ (జేసీ) వరుస, 1975లో జపాన్‌లో మొదలైంది. అప్పటి జేసీ-120లో 60 వాట్ల పవర్ యాంపులు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు, ఒక్కో యాంపుకి ఒక్కో స్పీకర్. ఇప్పుడు కొత్తగా కొన్నా అదే లెక్క. మధ్యలో జేసీ-60, జేసీ-160, జేసీ-77, జేసీ-90 వచ్చాయి, పోయాయి. 2015లో జేసీ-40, మరుసటి ఏడాది జేసీ-22 వచ్చాయి.

ఈ వరుస నిజంగా ఒక అడుగు ముందుకు వేసింది జేసీ-40తోనే అని నా వాదన. దాని ఇన్‌పుట్ స్టీరియో. జేసీ-120లో ముందు నుంచి పోయే సిగ్నల్ మోనోయే. పెడల్‌బోర్డు (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెల పలక) చివర స్టీరియో డిలే, అంటే ప్రతిధ్వని పెడల్, ఉంటే రెండో కేబుల్ పెట్టడానికి ముందువైపు చోటు లేదు. వెనక ఎఫెక్ట్స్ లూప్ (సిగ్నల్‌ని బయటికి పంపే సెండ్, తిరిగి తీసుకునే రిటర్న్ జాకులు) రిటర్న్ జాకుల్లో పెడితే ప్రీయాంపు (పవర్ యాంపు కన్నా ముందు సిగ్నల్‌ని తీర్చే భాగం), టోన్ నాబులు దారిలోంచి తప్పుకుంటాయి. జేసీ-40లో ఎడమ, కుడి రెండూ ముందు నుంచే ప్రీయాంపు గుండా పోతాయి. ఇక బరువు సంగతి: పెద్దది 28 కిలోలు, చిన్నది సుమారు 16. ఇంటికీ, స్టూడియోకీ, చిన్న హాలుకీ 10 అంగుళాల స్పీకర్లు రెండు, మొత్తం 40 వాట్లు చాలు. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

స్వచ్ఛస్వరం:

స్టీరియో ఇన్‌పుట్ గురించి మీరు చెప్పింది నిజమే. వాట్ల దగ్గరే ఒప్పుకోలేను.

120కీ 40కీ మధ్య తేడా 4.8 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ దాకా కావాలి కాబట్టి, శబ్దం మూడో వంతుకి పడిపోతుందని అనుకోనక్కర్లేదు. సమస్య గట్టిదనంలో లేదు, యాంపు ఎంతవరకు చిట్లకుండా మోయగలదనే హద్దులో ఉంది. గిటార్ తీగని పిక్‌తో కొట్టిన ఆ మొదటి క్షణం మిగతా స్వరం కన్నా ఎంతో ఎత్తుకి లేస్తుంది. ట్యూబ్ యాంపులో ఆ శిఖరం మెల్లగా వంగుతుంది, వినడానికి బాగానే ఉంటుంది. ట్రాన్సిస్టర్ పవర్ యాంపులో అది కత్తితో కోసినట్టు తెగుతుంది, చిట్లిన శబ్దం వస్తుంది. జాజ్ కోరస్‌ని జనం కొనేదే మచ్చలేని క్లీన్ శబ్దం కోసం. మెటాలికా బ్యాండ్ బరువైన పాటల్లో నిర్మలంగా మోగే భాగాలకీ, ది క్యూర్ బ్యాండ్‌లో రాబర్ట్ స్మిత్ గిటార్‌కీ ఈ వరుసనే వాడింది అందుకే. డ్రమ్మర్ పక్కన కూర్చుంటే ఒక్కో వైపు 20 వాట్లతో ఆ శిఖరానికి చోటు మిగలదు. ఒక్కో వైపు 60 ఉంటే మిగులుతుంది.

స్పీకర్ సంగతి కూడా చూడండి. 12 అంగుళాల కోన్ వైశాల్యం 10 అంగుళాలదానికి 1.44 రెట్లు. కింది ఇ తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అక్కడ తేడా తెలుస్తుంది.

రెండుమైకులు:

ఇద్దరూ వాట్లూ కేబుళ్లూ లెక్కపెడుతున్నారు గానీ, ఈ యాంపు అసలు కిటుకు దగ్గరికి ఎవరూ రాలేదు.

జేసీ-120లో కోరస్ అనేది ఒక స్పీకర్ నుంచి వచ్చే శబ్దం కాదు. స్విచ్ కోరస్‌కి తిప్పితే ఒక స్పీకర్‌లో మార్పు లేని సిగ్నల్ వస్తుంది, రెండోదాంట్లో ఆలస్యమై శృతి కొద్దిగా ఊగే సిగ్నల్ వస్తుంది. రెండూ కలిసేది తీగల్లో కాదు, గాలిలో. అందుకే అంత విశాలంగా వినిపిస్తుంది. ఆ ఆలస్యాన్ని పుట్టించేది బీబీడీ (బకెట్ బ్రిగేడ్ డివైస్) చిప్. ఒక బకెట్ నుంచి మరో బకెట్‌లోకి నీళ్లు పోసుకుంటూ పోయినట్టు, సిగ్నల్ కెపాసిటర్ నుంచి కెపాసిటర్‌కి జరుగుతుంది. ఆలస్యం ఎంతంటే మెట్ల సంఖ్యని క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగించాలి. 512 మెట్ల చిప్‌ని 50 కిలోహెర్ట్జ్‌తో నడిపితే 5.12 మిల్లీసెకన్లు. ఆ క్లాక్‌ని నెమ్మదిగా పైకీ కిందకీ ఊపితే శృతి కూడా దానితోపాటే ఊగుతుంది. 1976లో రోలాండ్ వాళ్ల పెడల్ బ్రాండ్ బాస్ (Boss) పేరుతో వచ్చిన మొదటి పెడల్ సీఈ-1లో ఉన్నది ఈ సర్క్యూటే, యాంపులోంచి తీసి విడిగా పెట్టెలో పెట్టారు.

ఇప్పుడు లైవ్‌లో జరిగేది చూడండి. సౌండ్ మనిషి ఒకే మైకు తెచ్చి ఒక స్పీకర్ ముందు పెడతాడు. అది మార్పు లేని స్పీకర్ అయితే హాలులో కోరస్సే ఉండదు. రెండోదైతే ఊగే వైబ్రాటో ఒక్కటే వస్తుంది, గిటార్ శృతి తప్పినట్టు ఉంటుంది. యాంపు ముందు నిలబడ్డవాళ్లకి మాత్రం అద్భుతంగా ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. ఏ స్పీకర్ ఏదో తెలియాలంటే కోరస్ వేసి, ఒక స్వరం పొడుగ్గా పట్టి, ఒక్కో గ్రిల్ దగ్గరా చెవి పెట్టండి. తర్వాత రెండు మైకులు, గ్రిల్ గుడ్డ నుంచి ఒకే దూరంలో, ఒకటి పూర్తి ఎడమకి, ఒకటి పూర్తి కుడికి. హాలు సిస్టమ్ మోనో అయితే రెండూ మిక్సర్‌లో కలుస్తాయి. అప్పుడు మామూలు పెడల్ కోరస్‌లా ఉంటుంది, ఆ వెడల్పు ఉండదు. మోనో హాలులో 28 కిలోలు మోసినా 16 కిలోలు మోసినా జనానికి వినపడేది దాదాపు ఒకటే. నా మాట ఇంతే: మీ హాలు మోనోనా, స్టీరియోనా అనేది ముందు తేల్చుకోండి.

సోల్డర్‌పొగ:

నేను రిపేరు వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే 30 ఏళ్లు గడిచాక కూడా పనిచేయడం అనేది ఒక గుణమే.

పాత జేసీ-120లో రెండు పవర్ యాంపులూ ఒకేలా ఉంటాయి. ఇది రిపేరుకి పెద్ద వరం. ఒకటి పోతే రెండోదే మీ కొలబద్ద: బాగున్నదానిమీద ప్రతి పాయింట్ దగ్గరా వోల్టేజీ కొలిచి, చెడినదానితో పోల్చుకుంటూ పోవచ్చు. ఒక స్పీకర్ మూగబోతే పవర్ తీసేసి రెండు స్పీకర్ల వైర్లూ ఒకదానిది మరోదానికి మార్చండి. మార్చాక కూడా అదే స్పీకర్ మూగగా ఉంటే స్పీకర్ తప్పు, మౌనం రెండో స్పీకర్‌కి మారితే యాంపు తప్పు.

యాంపు తప్పైతే స్పీకర్ వైరు పీకేసి, మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి అవుట్‌పుట్ దగ్గర చూడండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే ఫర్వాలేదు. పదుల వోల్టులు కనిపిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది, అప్పుడు స్పీకర్ తగిలిస్తే కాయిల్ కాలిపోతుంది. ఇక్కడ చాలామంది పొరపడేది, కాలిన ఒక్క ట్రాన్సిస్టర్ మార్చి ఆన్ చేయడం. జతలో రెండూ మార్చాలి, డ్రైవర్ ట్రాన్సిస్టర్లూ ఎమిటర్ రెసిస్టర్లూ చెక్ చేయాలి. లేకపోతే కొత్తది క్షణాల్లో పోతుంది. మైకా వాషర్, థర్మల్ పేస్ట్ వేసి బిగించాక, ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కంటిన్యుటీ లేదని చూసుకోండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బోర్డు (కరెంటు దారిలో వరుసగా బల్బు కలిపే బోర్డు) మీద 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి.

కోరస్ చిప్ మార్చాల్సి వస్తే జాగ్రత్త. ఎంఎన్3007, ఎంఎన్3207 పేర్లు దగ్గరగా ఉంటాయని ఒకదాని బదులు మరోటి పెడతారు. మొదటిది మైనస్ 15 వోల్టుల మీద నడిచేది, రెండోది ప్లస్ 5 వోల్టులది. తప్పు పెడితే చిప్ పోతుంది. బోర్డు మీద ఏ నంబరు అచ్చయి ఉందో అదే కొనండి.

స్ప్రింగ్ రివర్బ్ (ట్యాంక్ అనే పెట్టెలోని స్ప్రింగుల ద్వారా వచ్చే ప్రతిధ్వని) కూడా రిపేరుకి తేలికే. మాయమైతే ముందు ట్యాంక్ దగ్గర ఆర్‌సీఏ ప్లగ్గులు చూడండి, తర్వాతే లోపలి కాయిల్. జేసీ-40, జేసీ-22లలో స్ప్రింగ్ ట్యాంక్ లేదు. వాటి బోర్డు పోతే ఇలా అంచెలంచెలుగా వెతకడం కుదరదు, కొత్త బోర్డు తెప్పించుకోవాల్సి వస్తుంది. నాకు జేసీ-120 ఎక్కువ నచ్చేది ఇక్కడే.

తీగలపెట్టె:

సోల్డర్‌పొగ గారు, రిపేరు వాదన ఒప్పుకుంటున్నాను. కానీ రెండుమైకులు గారు చెప్పిన కిటుకు నా వైపే నిలుస్తుంది. గాలిలో కలవడమే ఈ వరుస ప్రాణం అయితే, రెండు యాంపులు రెండు స్పీకర్లు జేసీ-40లోనూ ఉన్నాయి, జేసీ-22లోనూ ఉన్నాయి. జేసీ-22 స్పీకర్లు 6.5 అంగుళాలే అయినా కోరస్ పద్ధతి అదే. పైగా జేసీ-120లో కోరస్‌కి వేగం, లోతు నాబులు పనిచేయవు, అవి వైబ్రాటోకి మాత్రమే. చిన్నవాటిలో ఫిక్స్‌డ్ కోరస్‌తో పాటు మాన్యువల్ కూడా ఉంది.

స్వచ్ఛస్వరం:

ఆ ఫిక్స్‌డ్ కోరసే జేసీ-120 గొంతు అండీ. నాబు తిప్పుకునే వీలుంటే ఆ గొంతు ఉండదు. స్టేజి మీద మరో బ్యాండ్ వదిలివెళ్లిన జేసీ-120కి కోరస్ వేస్తే వచ్చేది ఏంటో ముందే తెలుసు, వేగం సరిచూసుకోవాల్సిన పని లేదు. ప్రపంచంలో ఎక్కడి రిహార్సల్ గదిలోనైనా నమ్మకంగా తగిలించుకోగలగడం చిన్న విషయం కాదు.

టోన్ నాబుల గురించి ఒక మాట, ఎందుకంటే ఈ యాంపుకి "చెవి కోస్తుంది" అనే పేరు ఇక్కడే వస్తుంది. అన్నీ 5 మీద పెడితే సమంగా ఉంటుందని అనుకుంటారు. ఉండదు, మధ్య స్థాయి గుంతపడుతుంది. మిడిల్ పూర్తిగా 10కి పెంచి, ట్రెబుల్, బాస్ రెండూ బాగా తగ్గించి మొదలుపెట్టండి, తర్వాత కావలసినంతే పైకి తెచ్చుకోండి. బ్రైట్ స్విచ్ ఆఫ్. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఈ స్థితిలోనే బాగుంటుంది. యాంపులోని డిస్టార్షన్ నాబు గురించి వాదించే ఓపిక నాకు లేదు, దాన్ని ముట్టుకోకండి.

కొత్తశృతి:

అన్నలూ, మోడలర్ (రకరకాల యాంపుల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) వాడేవాళ్లకి ఏది మంచిది? జపాన్ నుంచి పాత జేసీ-120 తెప్పించుకోవచ్చా?

రెండుమైకులు:

మోడలర్ అయితే జేసీ-120 వెనక రిటర్న్ ఎడమ, కుడి జాకుల్లో నేరుగా పెట్టుకోవచ్చు, ప్రీయాంపు తప్పుకుని స్టీరియో పవర్ యాంపులా పనిచేస్తుంది. మోడలర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె అనుకరణ) ఆపేయండి, నిజమైన స్పీకర్లు ఎదురుగానే ఉన్నాయి. లూప్ లెవల్ స్విచ్ మోడలర్ అవుట్‌పుట్‌కి సరిపోయేలా చూసుకోండి. లూప్‌లో పెడల్ పెట్టేవాళ్లకి మరొకటి: స్విచ్ ప్యారలల్‌లో ఉంటే అసలు సిగ్నల్ కూడా కలుస్తుంది. అప్పుడు డిలేని పూర్తి వెట్‌లో (ఎఫెక్ట్ శబ్దం మాత్రమే వచ్చేలా) పెట్టాలి, లేకపోతే రెండు అసలు సిగ్నల్స్ కలిసి శబ్దం పలచనవుతుంది.

సోల్డర్‌పొగ:

తమ్ముడూ, తెప్పించుకోవచ్చు, కానీ వెనక ప్లేటు ఫోటో లేకుండా డబ్బు పంపొద్దు. జపాన్ లోపల అమ్మినవి 100 వోల్టులవి. మన 230కి తగిలిస్తే ఫ్యూజ్ పోతే అదృష్టం, పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్, ఫిల్టర్ కెపాసిటర్లు పోతాయి. 230 నుంచి 100కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 500 వీఏది, విడి వైండింగులది తీసుకోండి. ఎర్త్ పిన్ కలిపే ఉండాలి, రెండు పిన్నుల ప్లగ్గుతో వస్తే మార్పించండి.

వచ్చాక శబ్దం మధ్యమధ్య ఆగిపోతుంటే పవర్ యాంపు విప్పకండి. సెండ్ నుంచి రిటర్న్‌కి చిన్న కేబుల్ పెట్టి చూడండి. శబ్దం తిరిగొస్తే రిటర్న్ జాక్ లోపలి స్విచ్ రేకుకి మసి పట్టిందంతే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గు 20 సార్లు పెట్టి తీయండి. లూప్ లేని బాగా పాత మోడల్ అయితే ఈ గొడవే లేదు, ఇన్‌పుట్ జాక్‌తో మొదలుపెట్టండి.

తీగలపెట్టె:

కొత్తశృతి, ట్రాన్స్‌ఫార్మర్ బరువు కూడా ఆ 28 కిలోలకి కలుపుకుని నిర్ణయించుకో. స్వచ్ఛస్వరం గారు, డ్రమ్మర్ పక్కన ఒక్కో వైపు 20 వాట్లు చాలవన్న మీ మాటే ఇంకా తేలలేదు. జేసీ-40ని కుర్చీ మీదకి ఎత్తి, చెవి ఎత్తుకి వంచి, రిమ్‌షాట్లు (డ్రమ్ అంచునీ తోలునీ కలిపి గట్టిగా కొట్టే దెబ్బలు) వేసే డ్రమ్మర్‌తో వాల్యూమ్ ఎక్కడ చిట్లుతుందో కొలిచినవాళ్లు నాబు స్థానంతో సహా రాయండి.