అప్‌డేట్: ‘నైట్స్ ఇంటూ డ్రీమ్స్’ ఆడాను, మీ సలహా ఫలించింది

1996లో సెగా శాటర్న్ అనే గేమ్ కన్సోల్ కోసం సోనిక్ టీమ్ రూపొందించిన ఈ ఆటను ఇప్పుడు పీసీలో ఆడాలంటే కీబోర్డు సరిపోతుందా అని ఇదివరకు అడిగాను. కంట్రోలర్ తప్పనిసరి అన్నవారందరికీ కృతజ్ఞతలు. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో ఒక మిత్రుడి దగ్గర కంట్రోలర్ తీసుకుని ఆడుతున్నాను.

ఎగురుతూ గాలిలో వలయం గీస్తే, అందులో చిక్కిన నీలి చిప్‌లన్నీ ఒక్కసారిగా మన దగ్గరికి వచ్చి చేరతాయి. అలా 20 చిప్‌లు పోగుచేసి బంధంలో ఉన్న ఇడియాను (కలల శక్తి గోళాన్ని) విడిపించాక, గడువు ముగిసేలోగా మరో చుట్టు తిరిగి పాయింట్లు పెంచుకోవాలా, లేక వెంటనే ముగించాలా అన్న మీమాంసలోనే, నా దృష్టిలో, ఈ ఆట ప్రాణమంతా ఉంది. కీబోర్డుతో ఆ వలయం గుండ్రంగా రాదు. సెగా అప్పట్లో ఈ ఆటతో పాటే అనలాగ్ ప్యాడ్‌ను (ఏ దిశకైనా వంచగల పుల్ల ఉన్న కంట్రోలర్‌ను) ఎందుకు తెచ్చిందో చేతికే తెలుస్తుంది.

ప్రతి కల (అంటే ఆటలోని ఒక్కో దశ) చివర పెద్ద శత్రువుతో జరిగే బాస్ పోరాటాలు మాత్రం నాకు నచ్చలేదు. ఏం చేయాలో చెప్పరు, ఓడితే ఆ కలను మళ్లీ మొదటినుంచి ఆడాలి. అయినా ఆడదగిన ఆటే. ఆటలోని ఇద్దరు పిల్లల్లో క్లారిస్ కలలు ముగిశాయి, ఇక ఎలియట్‌వి మొదలుపెడుతున్నాను.