బర్బన్‌కి మార్కులు వేయాలంటే లేబుల్ మూయాలా, తెరవాలా?

ఓహియో_కృష్ణాతీరం:
మొన్న శనివారం సిన్సినాటిలో మా ఇంట్లో జరిగింది ముందు చెప్తాను, వాదన తర్వాత.

బర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి కాచే అమెరికన్ విస్కీ. దాన్ని కాచే కెంటకీ కంపెనీ హెవెన్ హిల్ వాళ్ళ సీసాలు నాలుగు కొన్నాను. ఇవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ బాటిల్డ్ ఇన్ బాండ్ (ఒక పాత చట్టం నియమాల ప్రకారం నింపే రకం), హెవెన్ హిల్ 7 ఏళ్ళ బాటిల్డ్ ఇన్ బాండ్, ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్, ఎలైజా క్రెయిగ్ 18 ఏళ్ళది. ఈ నాలుగే ఎందుకంటే నాలుగింటికీ ధాన్యం పాళ్ళు ఒకటే: మొక్కజొన్న 78 శాతం, బార్లీ మాల్ట్ 12, రై 10. కాచేదీ ఒకే కంపెనీ. తేడా అంతా పీపాలో ఎన్నాళ్ళుంది, ప్రూఫ్ (ఆల్కహాల్ మోతాదు) ఎంత, ధర ఎంత అన్నదాంట్లోనే. 18 ఏళ్ళ సీసా ధర మిగతా మూడింటినీ కలిపినా దాటిపోతుంది.

మా ఆవిడ వంటింట్లో సీసాలకి కాగితం సంచులు తొడిగి, 1 నుంచి 4 దాకా అంకెలు వేసి తెచ్చింది. ఆరుగురం కూర్చున్నాం. గ్లాసుకి 15 మి.లీ. ఎవరి కాగితం వాళ్ళు దాచుకుని పదికి మార్కులు వేశాం. సంచులు విప్పితే 7 ఏళ్ళది ఫస్ట్, ఇవాన్ విలియమ్స్ సెకండ్. 18 ఏళ్ళది ఆరుగురిలో నలుగురికి ఆఖరు. నాకూ ఆఖరే. అదే సీసాని పోయిన సంక్రాంతికి లేబుల్ ఎదురుగా పెట్టుకుని తాగి, "ఇంతకన్నా మంచి బర్బన్ ఇప్పటిదాకా తాగలేదు" అని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అంటే ఆ రోజు నేను మార్కులు వేసింది 18 అనే అంకెకి. అందుకే చెప్తున్నాను, సమీక్ష రాసేవాళ్ళెవరైనా లేబుల్ మూసే తాగాలి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

బార్డ్స్‌టౌన్_దారిలో:
కాదంటాను. పదకొండేళ్ళుగా లూయీవిల్‌లో ఉంటున్నాను. వీలైనప్పుడల్లా బార్డ్స్‌టౌన్, ఫ్రాంక్‌ఫర్ట్, లారెన్స్‌బర్గ్ లాంటి కెంటకీ బర్బన్ ఊళ్ళు తిరిగొస్తుంటాను. మీ పరీక్షలో 18 ఏళ్ళది ఓడిపోవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. గెలిచిన రెండూ 50 శాతం ఆల్కహాల్, ఓడింది 45 శాతం. పక్కపక్కన పెట్టి ఒక్క గుటక తాగితే ఘాటున్నదే గెలుస్తుంది. కొత్త ఆవకాయ, ఎనిమిది నెలల ఆవకాయ పక్కపక్కన పెట్టి వేలితో నాకి చూడండి. కొత్తదాని ఆవఘాటు ముందు పాతది చప్పగా అనిపిస్తుంది. అదే వేడన్నంలో కలుపుకుంటే పాతదాని సంగతి తెలుస్తుంది. వయసున్న బర్బన్‌ని గ్లాసులో పోసి ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. మొదటి గుటక నోటిని సిద్ధం చేసుకోడానికే, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇంకో మాట. బర్బన్ కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, లోపల మంటతో కాల్చిన పీపా. స్కాచ్ వాళ్ళు చాలావరకు వాడేసిన పీపాలు వాడతారు కాబట్టి అక్కడ 18 ఏళ్ళంటే పెద్ద విషయం కాదు. కెంటకీ ఎండలో కొత్త చెక్కలో 18 ఏళ్ళు ఉంచి, చెక్క మింగెయ్యకుండా బయటికి తియ్యడం చాలా కష్టమైన పని. రిక్‌హౌస్ (పీపాలు దాచే గోదాము) పై అంతస్తుల్లో వేడికి నీళ్ళు ఎక్కువ ఆవిరైపోయి ప్రూఫ్ పెరుగుతుంది, చెక్క సారం తొందరగా దిగుతుంది. కింది అంతస్తుల్లో అంతా నిదానం. ఏ పీపా ఎక్కడ ఉంచారు, ఎప్పుడు ఆపారు అన్నదే వాళ్ళ పనితనం. వయసు తెలీకుండా ఆ పనితనానికి మార్కులు ఎలా వేస్తారు?

కూకట్‌పల్లి_75:
హైదరాబాద్ నుంచి ఒక్క విషయం. ఇక్కడ కొత్తగా బర్బన్ మొదలుపెట్టినవాళ్ళు ప్రూఫ్ దగ్గర తికమక పడుతున్నారు. అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి సరిగ్గా రెట్టింపు, 100 ప్రూఫ్ అంటే 50 శాతం. మన సీసాల మీద 42.8 శాతం, 75 డిగ్రీల ప్రూఫ్ అని ఉంటుంది, అది పాత బ్రిటిష్ లెక్క. రెండూ కలిపి చూడకండి.

నేను కృష్ణాతీరం అన్న వైపే. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారు కానీ ఇప్పటికీ మాకు సీసా కొనడం అంటే నెలంతా ఆలోచించే విషయమే. ధర చూశాక నాలుక ధైర్యంగా నిజం చెప్పదు. మూసి తాగినవాళ్ళ మాటే నాకు పనికొస్తుంది.

ఓహియో_కృష్ణాతీరం:
బార్డ్స్‌టౌన్ గారూ, ఆవకాయ పోలిక బాగుంది కానీ అది రెండు వైపులా తిరుగుతుంది. కొన్ని జాడీల్లో ఏడాది తిరిగేసరికి ముక్క మెత్తబడిపోతుంది, నూనె మక్కు వాసన వస్తుంది. అప్పుడు "ఇది ఏడాది ఆవకాయ కాబట్టి గొప్పది" అని ఎవరూ అనరు, తీసి పారేస్తారు. కష్టపడి చేశారని మార్కులు కలపడం దొడ్డ మనసు కావచ్చు, రుచి చూడటం మాత్రం కాదు. నా గ్లాసులో ఉన్నది నాకు వగరుగా తగిలింది. అది 18 ఏళ్ళ వగరా, 8 ఏళ్ళ వగరా అన్నది నాలుకకి అనవసరం.

పేరున్న పోటీలు కూడా మూసే చేస్తున్నాయి కదా. శాన్ ఫ్రాన్సిస్కో వరల్డ్ స్పిరిట్స్ కాంపిటీషన్‌లో జడ్జీలకి బ్రాండ్ చెప్పరు. ప్యానెల్‌లో ప్రతి ఒక్కరూ గోల్డ్ ఇస్తేనే డబుల్ గోల్డ్.

బార్డ్స్‌టౌన్_దారిలో:
నాలుక ఒక్కటే చాలనుకుంటే 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టమే రావాల్సిన పని లేదు. ఆ రోజుల్లో పచ్చి స్పిరిట్‌లో రంగూ, ఫ్లేవరూ కలిపి పాత విస్కీ అని అమ్మేవాళ్ళు. తాగేవాళ్ళు కనిపెట్టలేకపోయారు, వాళ్ళ నాలుకలు మనకన్నా తక్కువవేం కాదు. అందుకే చట్టం వచ్చింది: ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్‌లో తీసింది, ప్రభుత్వం కాపలా ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్ళు, సరిగ్గా 100 ప్రూఫ్. మీ పరీక్షలో గెలిచిన రెండు సీసాలూ ఆ చట్టం పేరు మోస్తున్నవే. వాటి లేబులే వాటికి హామీ.

2013లో మేకర్స్ మార్క్ కంపెనీ తన బర్బన్‌ని 45 శాతం నుంచి 42కి దించుతామని ప్రకటిస్తే జనం తిరగబడ్డారు, వారం పది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ పలుచన సరుకు చాలామంది నోట్లో పడకముందే. లేబుల్ మీది అంకెని పట్టించుకున్నారు కాబట్టే ఇవాళ మనం తాగుతున్నది 45 శాతం. 2016లో ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్ మీద 12 అన్న అంకె తీసేసి 8 నుంచి 12 ఏళ్ళవి కలుపుతున్నామన్నారు. లేబుల్ చదవనివాడికి అది ఎప్పటికీ తెలీదు.

రుచిపరీక్ష:
న్యూజెర్సీలో ఒక చిరుతిళ్ళ కంపెనీలో రుచి పరీక్షల విభాగంలో పని చేస్తాను. మీ ఇద్దరి వాదనా చదివాను. కృష్ణాతీరం గారూ, ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆరుగురూ గ్లాసుల్ని ఒకే వరసలో తాగారా? 18 ఏళ్ళది ఎన్నో నంబరు?

ఓహియో_కృష్ణాతీరం:
అందరం 1 నుంచి 4 దాకా వరసగానే తాగాం మేడం. 18 ఏళ్ళది నాలుగో నంబరు.

రుచిపరీక్ష:
అనుకున్నాను. అయితే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి.

ఓక్ చెక్కలోంచి వచ్చే టానిన్ల వల్ల వగరు. తీపి, పులుపు నోట్లోంచి తొందరగా పోతాయి. వగరు పోదు, గుటక గుటకకీ పేరుకుంటుంది. పచ్చి జామకాయ మొదటి ముక్క బాగానే ఉంటుంది, నాలుగో ముక్కకి నాలుక గీరుకుపోతుంది. మూడు బర్బన్లు తాగాక, అన్నిటికన్నా టానిన్ ఎక్కువున్నదాన్ని ఆఖర్న ఇచ్చారు. ఏ సీసాని అక్కడ పెట్టినా నష్టపోయేది, దీన్ని పెడితే ఇంకా నష్టపోతుంది. పైగా 1, 2, 3 అని అంకెలు వేస్తే చూడగానే 1 మీద మంచి అభిప్రాయం పడుతుంది. మేము అర్థం లేని మూడంకెల నంబర్లు వేస్తాం, ఒక్కొక్కరికీ వరస మారుస్తాం. మధ్యలో మామూలు నీళ్ళు, ఉప్పు లేని బిస్కట్ ఇస్తాం.

మాటల దగ్గరా జాగ్రత్త. అమెరికన్ సహోద్యోగులు చాలామంది చేదునీ వగరునీ ఒకే మాటతో సరిపెట్టేస్తారు. ఉగాది పచ్చడి తిని పెరిగిన మనకి వేపపువ్వు చేదు వేరు, మామిడి పిందె వగరు వేరు. ఆ తేడా నోట్స్‌లో రాయండి. వెనిల్లా వాసన, కొబ్బరి వాసన, లవంగం వాసన మూడూ కాల్చిన ఓక్ చెక్కలోంచే వస్తాయి. మాగిన అరటిపండు వాసన మాత్రం ఎక్కువగా పులియబెట్టినప్పుడు ఈస్ట్ నుంచి. "బాగుంది, బాలేదు" కన్నా ఏది ఎక్కడ తగిలిందో రాస్తే పదిమందికి పనికొస్తుంది.

ఇంకో పరీక్ష చెప్తాను. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే సరుకు, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్తారు. అంతకన్నా బాగా ఎక్కువమంది పట్టుకుంటేనే తేడా ఉన్నట్టు. ఇష్టాయిష్టాలు ఆ తర్వాత అడగాలి. తేడానే పట్టుకోలేని రెండింటికి 8.5, 9.1 అని మార్కులు వేయడం నాకు బాధగా ఉంటుంది.

బార్డ్స్‌టౌన్_దారిలో:
ప్రూఫ్ కూడా సమం చెయ్యాలి. లేకపోతే ఘాటుని బట్టే పట్టేస్తారు. 45కి దించండి.

ఓహియో_కృష్ణాతీరం:
ఇద్దరూ చెప్పినట్టే మళ్ళీ పెడతాను. అదే ఆరుగురు, అవే సీసాలు. రెండు వారాలు టైమివ్వండి.

ఓహియో_కృష్ణాతీరం:
అయిపోయింది. రెండు రోజులు పట్టింది.

పిల్లలకి మందు పోసే సిరంజితో నీళ్ళు కలిపాం. 50 శాతం ఉన్న 30 మి.లీ.ని 45కి దించాలంటే 3.3 మి.లీ. నీళ్ళు. స్మాల్ బ్యాచ్ 47 శాతం, దానికి 1.3 సరిపోయింది. 18 ఏళ్ళది మామూలుగానే 45, దాన్ని ముట్టుకోలేదు. పోసి ఇరవై నిమిషాలు ఆగాం. ఆరుగురికీ వరసలు మార్చి, సంఖ్యలు మా ఆవిడ వేసింది.

శనివారం 7 ఏళ్ళది, స్మాల్ బ్యాచ్ మూడు గ్లాసుల పరీక్ష. ఆరుగురిలో ఇద్దరే పట్టుకున్నారు. గుడ్డిగా చెప్పినా అంతే వచ్చేది. అంటే మొదటిసారి వాటి మధ్య నేను చూపించిన తేడా అంతా ప్రూఫ్‌దే అయ్యుండాలి. బార్డ్స్‌టౌన్ గారూ, ఆ విషయంలో మీ మాటే నెగ్గింది.

ఆదివారం 7 ఏళ్ళది, 18 ఏళ్ళది. ఐదుగురు పట్టుకున్నారు. తర్వాత ఏది నచ్చిందని అడిగితే ముగ్గురు 18, ముగ్గురు 7. మొదటిసారి నలుగురికి ఆఖరైన సీసా ఇది. నాకు ఇప్పటికీ 7 ఏళ్ళదే.

మూసి తాగాలన్న మాట మీద మాత్రం నేను మారలేదు. లేబుల్ చూసుంటే ఈ ముగ్గురు ముగ్గురు అన్న సంగతి బయటపడేదే కాదు.

బార్డ్స్‌టౌన్_దారిలో:
ఒప్పుకుంటున్నాను, మొదటి మార్కులు మూసే వెయ్యాలి. వేశాక లేబుల్ తెరిచి, వయసు, ప్రూఫ్, డిస్టిలరీ చూసి రెండో పేరా రాయాలి. మొదటి మార్కులు మాత్రం దిద్దకూడదు. నేను ఇంతకన్నా దిగను. వాళ్ళ కాగితాల్లో ఏం రాశారో పెట్టండి, అదే చూడాలని ఉంది.

ఓహియో_కృష్ణాతీరం:
ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

18 నచ్చినవాళ్ళు: "తాటిబెల్లం కాఫీ, చివర్లో లవంగం." "పాత టేకు బీరువా తెరిచినట్టు వాసన, నోట్లో చాలాసేపు ఉంది." "ముదురు డికాషన్, ఎండు ఖర్జూరం, కొంచెం వగరు."

నచ్చనివాళ్ళు: "చెక్క నమిలినట్టుంది." "కరక్కాయ బుగ్గన పెట్టుకున్నట్టు వగరు." మూడోది నాది: "బెల్లంపాకం ముదిరిపోయింది, తర్వాత అంతా డికాషన్ వగరు."

రుచిపరీక్ష:
కాఫీ, చెక్క, డికాషన్, వగరు. ఆరుగురూ ఒకే గ్లాసు తాగినట్టే ఉంది. మార్కుల కన్నా ఈ ఆరు వాక్యాలు దాచి పెట్టండి, 18 ఏళ్ళది కొనాలా వద్దా అని కూకట్‌పల్లి గారు నెల రోజులు ఆలోచించేటప్పుడు చదువుకుంటారు.

కూకట్‌పల్లి_75:
చదివాను మేడం. నాకు డికాషన్ ఎంత ముదురుగా ఉంటే అంత ఇష్టం. కొంటాను.