అప్‌డేట్: తాతగారి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి

కావలి నుంచి నేనే. మా తాతగారి తుపాకి హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) సగం ఎత్తులో నిలవకుండా జారిపోతోంది, స్ప్రింగ్ మార్చాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. స్ప్రింగ్ కాదు, ముందు సియర్ (హ్యామర్‌ని పట్టి ఆపే చిన్న కొక్కెం) చూడమన్నారు. అదే నిజమైంది.

లైసెన్స్ కాగితాలు పట్టుకుని, తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట ఊచను 39 అంగుళాల గొట్టంలోకి దించి, అదే కొలత బయట పెట్టి చూశారు. లోపల మందు మిగిలి లేదని తేలాకే పని మొదలుపెట్టారు. ఎడమ పక్కన రెండు స్క్రూలు తీయగానే లాక్ (హ్యామర్, స్ప్రింగ్, సియర్ ఉండే భాగం) మొత్తం చేతిలోకి వచ్చింది. భూతద్దంలో సియర్ కొన చూపించారు: పదునుగా ఉండాల్సిన అంచు చీకిన బెల్లంముక్కలా గుండ్రంగా అయిపోయింది. సియర్ కొన కూర్చునే టంబ్లర్ (హ్యామర్‌తో పాటు తిరిగే ముక్క) గాడి మాత్రం బాగానే ఉంది, దాన్ని ఆకురాయితో ముట్టుకోనివ్వలేదు.

సియర్ ఒక్కటే కొత్తది వేశాం. పాతది నూనె గుడ్డలో చుట్టి దాచాను, అది తాతగారి కాలంది కదా! చెక్కకు అవిసె నూనె పట్టించాను. ఇప్పుడు హ్యామర్ కదలకుండా నిలుస్తోంది. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.